చిలక కాదు, చెయ్యి

సోమవారం పొద్దున గొడుగుల పిన్ని వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి మేడ మీది లాయరమ్మాయి ఆఫీసుకి వెళ్ళడం, పావుగంటలో కొట్టు పేరుకి ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టించడం, దిగొచ్చి భోజనం వేళకల్లా ఎనిమిది గొడుగులకి కొత్త గుడ్డ ఎక్కించడం. అంతే. మబ్బులు అప్పటికే వీధి చివర చేరి, ఎవరైనా పిలిస్తే వద్దామన్నట్టు నిలబడి ఉన్నాయి.

ఆవిడని పిన్ని అని పిలవనివాళ్ళు ఆ వీధిలో లేరు. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే అంటారు. ఆ వరసన ఆవిడ భర్త, బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు టైమ్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి, తన ప్రమేయం ఏమీ లేకుండానే అందరికీ బాబాయి అయిపోయాడు.

ట్రేడ్‌మార్క్ గొడవ మొదలైంది అంతకుముందు రోజు. కళ్ళజోడాయన ఒకాయన కొట్లోకి వచ్చి, ఊచలన్నీ పైకి తిరగబడిన గొడుగు బల్ల మీద పడేసి, "రెండ్రోజులకే ఇలా అయింది. పిన్ని కొట్టు సరుకని నమ్మి కొన్నాను," అన్నాడు. పిన్ని గొడుగు తిప్పి చూసింది. లేబుల్ మీద 'జల్లు' అని పెద్ద అక్షరాలున్నాయి. వాటి నెత్తిన చీమ తలకాయంత సైజులో 'కొత్త' అని ఉంది. కింద గొడుగు పట్టుకుని ఒక పిల్ల. వీధి మూల కొట్టువాడి పని. పదకొండేళ్ళుగా 'జల్లు గొడుగులు' అని పిన్ని రెక్కలు ముక్కలు చేసుకుని నిలబెట్టిన పేరు, వాడు ఒక్క చీమ తలకాయ ఖర్చుతో పట్టుకుపోయాడు.

"ముందు కాగితాలు పెట్టు. తర్వాత తిట్టు," అన్నాడు బాబాయి. ఆయనకి ఏదైనా వరసలో జరగాలి.

లాయరమ్మాయి ఆఫీసు తెరిచి నాలుగు నెలలు. ఇది ఆమె మొదటి ట్రేడ్‌మార్క్. అందుకని ఎర్ర రిబ్బను కట్టిన ఫైలు, కొత్త పెన్ను, రెండు గ్లాసుల మంచినీళ్ళు సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది.

"ట్రేడ్‌మార్క్ అంటే ఇంకేం లేదు పిన్నిగారూ. ఈ సరుకు ఫలానా వాళ్ళదని కొనేవాళ్ళకి తెలిసే గుర్తు. జల్లు అనే పేరు మీదే, పదకొండేళ్ళుగా వాడుతున్నారు, దిగుల్లేదు. లేబుల్ మొత్తం కలిపి పెట్టేద్దాం. బొమ్మ గీసిందెవరు?"

పిన్ని ఒక గ్లాసు నీళ్ళు తాగింది. తర్వాత రెండోది కూడా తాగింది.

"ఎవరు గీస్తే ఏముందమ్మా. బొమ్మలో ఉన్నది నేను."

"ముఖం మీదేనండీ. బొమ్మ గీసినవాళ్ళది."

"గీసింది మా వంటింటి బల్ల మీద."

"అయితే బల్ల మీది."

"రంగు పెన్సిళ్ళు కూడా నేనే కొన్నాను."

"పెన్సిళ్ళూ మీవే. బొమ్మ మాత్రం గీసినవాళ్ళదే. దాన్ని కాపీరైట్ అంటారు. అది వేరు, ట్రేడ్‌మార్క్ వేరు. గీసిన క్షణం నుంచే కాపీరైట్ ఉంటుంది, ఏ ఆఫీసుకీ వెళ్ళి అడగక్కర్లేదు. వాళ్ళు బతికున్నంతకాలం ఉంటుంది, పోయాక కూడా చాలా ఏళ్ళు ఉంటుంది. అందుకే, వాడుకోండి అని వాళ్ళ చేత ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తే మనకి రేపు ఇబ్బంది ఉండదు. మనిషి అందుబాటులోనే ఉన్నారా?"

పిన్ని కిటికీలోంచి చూసింది. మబ్బులు అక్కడే ఉన్నాయి.

"పోనీ బొమ్మ వదిలేసి పేరొక్కటే పెడదామా? ఇవాళే అయిపోతుంది," అంది లాయరమ్మాయి.

"బొమ్మ లేకుండా వద్దు," అంది పిన్ని, తనకే ఆశ్చర్యం వేసేంత గట్టిగా.

"సరే. దరఖాస్తులో బొమ్మ వర్ణన రాయాలి." లాయరమ్మాయి లేబుల్‌ని దీపం దగ్గరగా పెట్టి చూసింది. "రెండు జడల పిల్ల. చేతిలో గొడుగు. ఇదేంటి, భుజం మీద ఏదో ఉంది?"

"ఆకు," అంది పిన్ని.

సరిగ్గా అప్పుడు బాబాయి మెట్లెక్కి వచ్చాడు, ఆవిడ కింద మర్చిపోయిన కళ్ళజోడు పట్టుకుని. వచ్చినవాడు కళ్ళజోడు ఇచ్చేసి వెళ్ళిపోయి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఆయన భార్య ముఖం చూశాడు. ఖాళీ గ్లాసులు రెండూ చూశాడు.

"బాబాయిగారూ, ఈ బొమ్మ గీసినవాళ్ళ సంతకం కావాలండీ. పిన్నిగారు చెప్పట్లేదు," అంది లాయరమ్మాయి.

"నేనే గీశాను," అన్నాడు బాబాయి.

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన గీసినవి రిజిస్టరులో గీతలు మాత్రమే. అవి కూడా స్కేలు పెట్టి. స్కేలు దొరకని రోజున గీతలు మానేసి సెలవు పెట్టేవాడని డిపోలో చెప్పుకునేవారు.

"మీరు ఆర్టిస్టా? ఎంత దాచిపెట్టుకున్నారు బాబాయిగారూ," అని లాయరమ్మాయి ముఖం వెలిగిపోయింది. "మరి భుజం మీద ఈ ఆకు ఎందుకు గీశారు?"

"ఆకా? అది చిలక కదా."

లాయరమ్మాయి ఆకు కొట్టేసి చిలక అని రాసుకుంది. గీసినవాడి మాటే మాట. సంతకాలకి వచ్చే సోమవారం నోటరీని ఇక్కడికే పిలుస్తానంది.

మెట్ల మలుపు దగ్గర పిన్ని ఆగింది. "మీరెప్పుడు గీశారండీ?"

"ఇప్పుడే. నువ్వా ఫోను చెయ్యక్కర్లేకుండా."

"ఫోను చేస్తానని నేనన్నానా?"

"అనవు. చెయ్యవు. చెయ్యలేక మూడ్రోజులు అన్నం కెలుకుతూ కూర్చుంటావు. ఏడాదికోసారి చూస్తూనే ఉన్నాగా."

పిన్ని కిందికి దిగడం మొదలుపెట్టింది. అది నిజం కాబట్టి.

బొమ్మ గీసింది పిన్ని అక్క. కొట్టు పెట్టింది ఇద్దరూ కలిసే. అక్క గుడ్డ కోసేది, చెల్లెలు కుట్టేది. లేబుల్ కోసం ఒక ఆదివారం వంటింటి బల్ల మీద అక్క గీసిన బొమ్మలో ఒకే గొడుగు కింద ఇద్దరు పిల్లలున్నారు. రెండు జడల చిన్నది గొడుగు పట్టుకుంటే, ఒంటి జడ పెద్దది దాని భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత అక్క డ్రాయింగ్ టీచరు ఉద్యోగం ఇంటర్వ్యూ అని వారం రోజులు పక్క ఊరు వెళ్ళింది. ఆ వారంలోనే లేబుళ్ళు అచ్చువేసేవాడు, రెండు వేళ్ళ వెడల్పులో ఇద్దరు పట్టరు, ఒకర్ని తీసెయ్యాలి అన్నాడు. గొడుగు చిన్నదాని చేతిలో ఉంది. గొడుగుల కొట్టుకి గొడుగు కావాలి కదా. పిన్ని వేలు పెట్టి చూపించింది, వాడు కోసేశాడు.

అక్క తిరిగొచ్చి, వెయ్యి లేబుళ్ళలో ఒకటి తీసి చాలాసేపు చూసింది. "నన్ను కోసేశావన్నమాట," అంది.

"లేబుల్లోనే కదక్కా," అని పిన్ని నవ్వింది.

ఆ నవ్వు ఖరీదు పదకొండేళ్ళు. పక్క ఊరు బస్సులో గంటన్నర ప్రయాణం. అక్క ఆ ఉద్యోగంలో చేరిపోయింది. పెళ్ళిలో, చావులో ఎదురుపడితే ఇద్దరూ మర్యాదగా ఒకరి ఆరోగ్యం ఒకరు అడిగేవారు. ఆ మర్యాదే పిన్నిని ఎక్కువ చంపేది. ఏడాదిలో మొదటి వాన పడిన రోజున ఫోను తీసి అక్క నంబరు నొక్కేది. చివరి అంకె దగ్గర ఆగిపోయేది. కొట్లో బాగుచేసిన గొడుగులు తగిలించే కొక్కేలు నలభై ఉంటే, ఒకటో నంబరు కొక్కేనికి అక్క వదిలేసి వెళ్ళిన నీలం గొడుగు, చీటీతో సహా, అలాగే వేలాడుతోంది. మూడు వానాకాలాలు దాటినా ఎవరూ రాని గొడుగులు ఎవరికైనా ఇచ్చెయ్యడం కొట్టు రివాజు. ఆ గొడుగు దగ్గర మాత్రం పిన్నికి ఏళ్ళు లెక్కపెట్టడం వచ్చేది కాదు.

కోసేవాడి కత్తెర కొంచెం పక్కకి పోవడం వల్ల, చిన్నపిల్ల భుజం మీద పెద్దపిల్ల వేళ్ళు నాలుగు మిగిలిపోయాయి. ప్రతి లేబుల్నీ పిన్ని తన చేత్తోనే, గొడుగు విప్పి తలెత్తితే కనిపించే చోట కుట్టేది. చూసినవాళ్ళు ఆకు అనేవారు, తూనీగ అనేవారు. పిన్ని ఎవర్నీ దిద్దలేదు.

మంగళవారం మధ్యాహ్నం లాయరమ్మాయి, లైబ్రరీ మేడమ్ కలిసి క్యారేజీలు విప్పుకున్నారు. ఇద్దరికీ ఆ అలవాటు ఉంది. బుధవారం పొద్దున్నే లైబ్రరీ మేడమ్ కొట్టు ముందు నిలబడింది.

"బాబాయిగారూ, మన వీధిలో ఆర్టిస్టుని పెట్టుకుని నేను ఆర్నెల్లుగా బస్టాపు వైపు గోడ చూసి ఏడుస్తున్నాను. వానాకాలంలో పిల్లల్ని లోపలికి పిలిచేలా ఒక బొమ్మ వేసిపెట్టండి. మీ జల్లు బొమ్మే వెయ్యండి, పెద్దగా."

"అబ్బే, నేను గీయడం మానేశానండీ," అన్నాడు బాబాయి.

"ఎన్నేళ్ళయింది మానేసి?"

బాబాయి అబద్ధం ఆడదామనుకుని, సమయం విషయంలో అబద్ధం ఆడే అలవాటు లేక, "మూడో తరగతి నుంచి," అనేశాడు. మేడమ్ ఐదు నిమిషాలు నవ్వింది. గొప్ప కళాకారులు ఇలాగే మాట్లాడతారని ఎక్కడో చదివిందట.

లోపల్నుంచి పిన్ని సన్నగా అంది. "ఇప్పుడైనా నిజం చెప్పేయండి."

"చెప్తే లాయరమ్మాయికి తెలుస్తుంది. తెలిస్తే ఎవరు గీశారంటుంది. నువ్వు ఫోను చేస్తావా మరి?"

పిన్ని సూదిలో దారం ఎక్కించుకుంది.

ఆ మూడు రోజులూ బాబాయి భోజనాల బల్ల దగ్గర సాధన చేశాడు. మొదటి రోజు పిల్ల పుట్టగొడుగులా వచ్చింది. రెండో రోజు గొడుగు పిల్లలా వచ్చింది. మూడో రోజు స్కేలు తీశాడు. స్కేలుతో తల చదరంగా, జడలు నిచ్చెనల్లా, గౌను త్రికోణంలా చక్కగా కుదిరాయి. భుజం మీదిది మాత్రం స్కేలుకి లొంగలేదు. కానీ ఆయనకి స్కేలు లేకుండా వచ్చిన బొమ్మ లోకంలో ఒక్కటుంది. మూడో తరగతిలో మాస్టారు నేర్పిన చిలక. అందుకే ఆ రోజు నోటికి చిలక వచ్చింది.

శనివారం నిచ్చెనెక్కాడు. సాయంత్రానికి లైబ్రరీ గోడ మీద రెండంతస్తుల ఎత్తున గీతల పిల్ల నిలబడింది. దాని భుజం మీద ఎర్ర ముక్కుతో, నిగనిగలాడుతూ, నిజంగా ప్రాణం ఉన్నట్టు చిలక ఒకటి కూర్చుంది. లైబ్రరీ మేడమ్ రెండడుగులు వెనక్కి వేసి, "మోడర్న్ ఆర్ట్," అంది, కళ్ళు తుడుచుకుంటూ. బస్టాపులో జనం చిలకతో ఫొటోలు దిగారు. ఆదివారం దినపత్రిక మూడో పేజీలో సగం పేజీ ఫొటో వచ్చింది. 'జల్లు బొమ్మ వెనక దాగిన చెయ్యి' అని శీర్షిక, పక్కన రంగు మరకల చొక్కాతో బాబాయి, కింద సోమవారం ట్రేడ్‌మార్క్ సంతకాలన్న కబురు.

ఆదివారం మధ్యాహ్నం, వీధి అంతా కునుకు తీస్తుండగా, పిన్ని ఒక్కతే వెళ్ళి గోడ చూసింది. చాలాసేపు చూసింది. మనిషి పోయినా వేళ్ళు నాలుగు మిగిలాయి కదా అని పదకొండేళ్ళు గడిపేసింది. ఇప్పుడు అవి కూడా రెక్కలు తెచ్చుకున్నాయి. బస్టాపు బల్ల మీద కూర్చుని, పక్క ఊరి బస్సులు రెండు వచ్చి వెళ్ళేదాకా ఉండి, ఇంటికి వచ్చేసింది.

"చిలక బాగుందా?" అన్నాడు బాబాయి, కొంచెం ఆశగా.

"బాగుందండీ," అంది పిన్ని. అదే మరీ బాధ. చిలక నిజంగానే బాగుంది.

సోమవారం పొద్దున మొదటి వాన మొదలైంది. లాయరమ్మాయి ఎర్ర రిబ్బను విప్పింది. నోటరీ రబ్బరుస్టాంపు తుడుచుకుంటున్నాడు. బాబాయి పెన్ను మూత తీశాడు. పిన్ని పక్కనే కూర్చుని ఆయన చేతివైపు చూస్తోంది. కొట్టు తాళం వేసి, మేడ మీద ఉన్నామని తలుపుకి చీటీ పెట్టి వచ్చినా, చూపు మాత్రం మాటిమాటికీ మెట్లవైపు పోతోంది. ఎందుకో ఆవిడకే తెలియదు.

మెట్ల మీద ఊచలు గోడకి గీసుకుంటున్న చప్పుడైంది. తర్వాత గుమ్మంలో ఒకావిడ, సగం తడిసి, ఒక చేతిలో పైకి తిరగబడిన గొడుగు, ఇంకో చేతిలో మడతపెట్టిన దినపత్రికతో నిలబడింది. ఒంటి జడ. జుట్టు సగం నెరిసింది.

"మరిదిగారూ, ఆ పెన్ను కింద పెట్టండి," అందావిడ.

బాబాయి పెన్ను కింద పెట్టి, లేచి నిలబడి, "రండి వదినగారూ," అన్నాడు. నేరం చేస్తూ దొరికిపోయి ఇంత సంతోషించిన మనిషిని నోటరీ తన సర్వీసులో చూడలేదు.

"ఎవరండీ మీరు?" అంది లాయరమ్మాయి.

"బొమ్మ గీసినదాన్ని." అక్క పత్రిక విప్పి బల్ల మీద పరిచింది. చెల్లెలి వైపు చూడలేదు. చిలక మీద వేలు పెట్టింది. "ఇది నేను గీసింది కాదు. నేను గీసింది చెయ్యి. చిలక కాదు."

లాయరమ్మాయి ఫైలు చూసింది, బాబాయిని చూసింది, స్టాంపు సిరాలో అద్దబోతున్న నోటరీ చెయ్యి పట్టుకుని ఆపింది. మొదటి కేసులోనే తప్పుడు సంతకం అంటే లైసెన్సు ఊడుతుందని ఆమెకి చదువుకునే రోజుల్లోనే పీడకలలు వచ్చేవి.

అక్క ఈసారి చెల్లెలి వైపు తిరిగింది. గొంతు మాత్రం డ్రాయింగ్ క్లాసులో మాట్లాడినట్టే ఉంది, ఒక్కో మాటా విడివిడిగా. "ముందు నన్ను కోసేశావు. సరే అనుకున్నాను. పోయిన నెల చూస్తే చెయ్యి కూడా తీసేశావు. సరే అనుకున్నాను. ఇప్పుడు చిలకని కూర్చోబెట్టావు. ఇంకా ఎంత తీస్తావే నన్ను?"

"చెయ్యి నేనెప్పుడు తీశానక్కా?"

అక్క తిరగబడిన గొడుగు బల్ల మీదికి తోసింది. "ఇదుగో. మా ఊరి బస్టాండులో కొన్నాను. పిల్ల ఉంది, గొడుగు ఉంది. భుజం మీద ఏముంది? ఏం లేదు. ఇది చాలక మొదటి గాలికే తిరగబడింది. గట్టి పని కూడా మర్చిపోయావు."

పిన్ని గొడుగు అందుకుంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. లేబుల్ని వేలితో చూపించింది. జల్లు అక్షరాల నెత్తిన చీమ తలకాయ.

"ఇది నాది కాదక్కా. మూల కొట్టువాడిది. ఇది మిషను కుట్టు, చూడు. నేను చేత్తో కుడతాను. నాలుగు కుట్లు, ఒక ముడి. నువ్వు నేర్పినదే."

అక్క వంగి కుట్లు లెక్కపెట్టింది. లాయరమ్మాయి కుర్చీలోంచి లేచింది. "అమ్మా, ఒక్క ప్రశ్న. మీరు ఆ పేరు చూసి, పిన్నిగారి గొడుగే అనుకుని కొన్నారా?"

"కాకపోతే దీన్నెవరు కొంటారు?"

"సొంత అక్కే మోసపోయింది." లాయరమ్మాయి రాసుకుంటున్న వేగానికి పెన్ను గీరుకుంది. "ట్రేడ్‌మార్క్ ఎందుకు కావాలని ఎవరడిగినా ఇక మీరే నాకు సాక్ష్యం. మీ బొమ్మ అడక్కుండా ఎత్తి వేసినందుకు మీరడిగేది కాపీరైట్. పేరుతో మిమ్మల్ని ఏమార్చినందుకు పిన్నిగారు అడిగేది ట్రేడ్‌మార్క్. ఒకే గొడుగులో రెండూ ఉన్నాయి. నాకు పరీక్షలో ఇంత బాగా అర్థం కాలేదు."

పిన్నికి అవేవీ వినిపించలేదు. "ఆగు," అంది. "నువ్వు నా గొడుగు ఎందుకు కొన్నావు?"

అక్క కిటికీ వైపు చూసింది. "ప్రతి ఏడూ ఒకటి కొంటాను."

"ప్రతి ఏడూనా?"

"వాన పడుతుంది కదా."

"పదకొండు గొడుగులు ఏం చేసుకుంటావు?"

"ఇంట్లో విప్పి చూస్తాను," అంది అక్క. ఆ తర్వాత పత్రిక మళ్ళీ మడతపెట్టింది. వేళ్ళకి రంగులు అంటి ఉన్నాయి. పిన్ని ఆ వేళ్ళని లేబుల్ మీద పదకొండేళ్ళుగా రోజూ చూస్తూనే ఉంది. వాటికి ముడతలు వస్తాయని మాత్రం తట్టలేదు.

"నవ్వకుండా ఉండాల్సింది, ఆ రోజు," అంది పిన్ని.

"ఆ," అంది అక్క.

బాబాయి, నోటరీ ఇద్దరూ చాలా శ్రద్ధగా పైన తిరుగుతున్న ఫ్యాను చూశారు.

కాగితం అక్కే రాసింది, గుండ్రటి చేతిరాతతో. బొమ్మ హక్కు నాదే. జల్లు గొడుగుల వాళ్ళు వాడుకోవచ్చు. షరతు ఒక్కటి, కత్తిరించకూడదు. లాయరమ్మాయి చదివి తల పట్టుకుంది. కత్తిరించకపోతే రెండు వేళ్ళ లేబుల్ అరచేయంత అవుతుంది. లేబుల్ మారితే వర్ణన మారుతుంది, అంటే దరఖాస్తు మళ్ళీ మొదటి నుంచి.

"మొదటి నుంచే రాయమ్మా," అంది పిన్ని. "ఒకే గొడుగు కింద ఇద్దరు. పెద్దదాని చెయ్యి చిన్నదాని భుజం మీద. ఆకు అని మాత్రం రాయకు."

మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక అందరూ లైబ్రరీ గోడ దగ్గర చేరారు. మోడర్న్ ఆర్ట్ కాదని తెలిసి లైబ్రరీ మేడమ్ కొంచెం నొచ్చుకుంది. పిల్లని తను సరిచేసి, పక్కన రెండో పిల్లని వేస్తానని అక్క చెప్పాక తేరుకుంది. అక్క నిచ్చెనెక్కి స్కేలు గీతల్ని వేలితో తడిమి, "మరిదిగారూ, ఈ గీతలు బస్సు టైముల్లా ఉన్నాయి," అంది. తర్వాత చిలక దగ్గర ఆగి, తల వెనక్కి వంచి చూసింది. "ఇది మాత్రం మీకు వచ్చు."

"తుడిచెయ్యండి వదినగారూ," అన్నాడు బాబాయి, చెవులు ఎర్రబడి.

"అలా తుడవకూడదండీ," అంది కింద నుంచి లాయరమ్మాయి. ఆమెకి ఆ రోజు చట్టం పూనింది. "పిల్ల ఆవిడది. చిలక మాత్రం బాబాయిగారి సొంత సృష్టి. దాని మీద హక్కు ఆయనదే. తీయాలంటే ఆయన కాగితం మీద రాసివ్వాలి."

చిలక ఉన్న చోటే చెయ్యి రావాలి. చిలక పోతేగాని బొమ్మ పూర్తికాదు.

నాలుగున్నర బస్సుకి అక్క బయల్దేరింది. మర్నాడు క్లాసులున్నాయి. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. పిన్ని పరిగెత్తి ఒకటో కొక్కెం నుంచి నీలం గొడుగు తీసి, పదకొండేళ్ళ దుమ్ము దులిపి, పట్టుకొచ్చింది. అక్క దాన్ని విప్పింది, తిప్పింది, ఊచలు ఒక్కొక్కటీ లాగి చూసింది.

"మూడో ఊచ దగ్గర కుట్టు వదులుగా ఉంది."

"ఎక్కడ? నేనే వేశాను."

"వదులుగా ఉంది అన్నాను కదా. బాగుచేసి ఉంచు. ఈసారి వచ్చినప్పుడు చూస్తాను," అని, గొడుగు ముడిచి చెల్లెలి చేతిలో పెట్టేసి, బల్ల మీది కొత్త గొడుగొకటి అందుకుంది. బస్టాపు దగ్గర దాన్ని విప్పి, అలవాటుగా తలెత్తి లేబుల్ చూసుకుంది. పిన్ని గుమ్మంలోంచి అదంతా చూస్తూ నిలబడింది. బస్సు మలుపు తిరిగాక కూడా నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళి, మూడో ఊచ దగ్గర కుట్టు ఎంత గట్టిగా ఉందో చూసుకుని, నీలం గొడుగుని మళ్ళీ ఒకటో కొక్కేనికి తగిలించింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పదింటి బస్సుకి అక్క వస్తోంది. ఒక ఆదివారం చిన్నపిల్ల జడలు సరిచేసింది. ఒక ఆదివారం పెద్దపిల్ల గౌనుకి రంగు వేసింది. చెయ్యి ఒక్కటే మిగిలిపోయింది. దిగగానే ముందు బాబాయి దగ్గరికి వెళ్ళి, "ఏమైంది మరిదిగారూ, చిలక కాగితం?" అంటుంది. ఆయన గడియారం చూసుకుంటాడు. పెన్ను జేబులో ఉందో లేదో తడుముకుంటాడు. వంటింట్లో మూడు కంచాలు పెడుతున్న చప్పుడు వింటాడు.

చిలక హక్కుదారుడు ఇంకా ఆలోచించుకుంటున్నాడు.